గంటస్తంభం కాడి ముచ్చట్లు

రండర్రా, మంట దగ్గరికి జరగండి. ధనుర్మాసం చలి మీకైతే చొక్కా దాటదు గానీ, నా ఈడు వాడికి ఎముకల్లోకి దూరుతుంది. ఆ ఫోను జేబులో పెట్టు గుంటడా, అదెక్కడికీ పారిపోదు. మీరు పదిమంది కలిసి కమిటీ కట్టేరట. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట దాకా మన పాత బజారుని మళ్ళీ నిలబెడతారట. మీ అమ్మ చెప్పింది. వింటే నాకు కడుపు నిండిపోయింది బావూ. ఏటి చెయ్యాలో తరవాత తేల్చుకుందురు గాని, ముందు ఆ బజారు ఒకప్పుడు దేని మీద బతికిందో చెప్తాను. మధ్యలో "తాతా, అసలు సంగతికి రా" అనకూడదు. అన్నారంటే మళ్ళీ మొదటి నుంచి మొదలెడతాను.

మన విజయనగరం కోట చుట్టూ పుట్టిన ఊరు. 1713లో విజయదశమి నాడు ఆ కోటకి పునాది వేసేరని చెప్తారు. కోటలో రాజు ఉంటే వాకిట్లో బంట్లు ఉంటారు, బంట్లకి బియ్యం కావాలి, బియ్యానికి కొట్టు కావాలి, కొట్టుకి బళ్ళు రావాలి. అలా కోట గుమ్మంలోంచి బజారు బయటికి పాకింది. 1885 ప్రాంతంలో ఆ బజారు నడిబొడ్డున గంటస్తంభం లేచింది. లండన్‌లో బిగ్ బెన్ అని పెద్ద గడియారం ఉంది కదా, దాన్ని మనసులో పెట్టుకుని కట్టించేరట. ఎనిమిది పలకలు, ఇసుకరాయి, 68 అడుగుల ఎత్తు. మీకిప్పుడు అపార్టుమెంట్ల పక్కన అది పొట్టిగా కనిపిస్తుందేమో. మా చిన్నతనంలో తలెత్తి చూస్తే టోపీ కింద పడేది.

చేతిగడియారం అప్పట్లో అల్లుడికి పెళ్ళిలో పెట్టే వస్తువు. మిగతా ఊరికంతటికీ ఆ స్తంభమే గడియారం. మా వీధిలో ఒక ప్లీడరు గుమస్తా ఉండేవాడు. ఆయనకి జేబు గడియారం ఉంది, దానికి వెండి గొలుసు కూడాను. రోజూ పొద్దున్నే గంటస్తంభం కింద నిలబడి, నలుగురూ చూస్తూ ఉండగా ముల్లు సరిచేసుకునేవాడు. ఒకరోజు పలాసలో కొడుక్కి పెళ్ళిచూపులు. ఆ రోజే స్తంభం మీది గడియారం ఆగి ఉంది. ఈయన జేబులోంచి తీసి చూస్తే తనది నలభై నిమిషాలు ముందుంది. "దీనికి తొందరెక్కువైంది" అని ముల్లు వెనక్కి తిప్పి, తీరిగ్గా కాఫీ తాగి, జట్కా ఎక్కి స్టేషనుకి వెళ్ళేడు. రైలు వెళ్ళిపోయింది. అయినా ఆయన ఒప్పుకోలేదు సుమా! చచ్చేదాకా రైలే ముందొచ్చిందన్నాడు. ఊరి గడియారం అంటే అంత నమ్మకం ఆ రోజుల్లో.

ఏటి చెప్తున్నాను? ఆఁ, బజారు. మా నాన్న గంటస్తంభం దగ్గర ఒక బట్టలకొట్టులో గుమస్తా. బడి లేని రోజు నేనూ వెళ్ళి పరుపు మీద ఒక మూల కూర్చునేవాణ్ణి. కొట్టంటే ఇప్పట్లా అద్దం తలుపు తోసుకుని లోపలికి పోవడం కాదు. వీధి వైపు అరుగు, అరుగు మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు. పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు కింద విడిచి, అరుగెక్కి, ముందు మంచినీళ్ళు తాగి, వానల గురించీ గోగునార ధర గురించీ మాట్లాడి, అప్పుడు గుడ్డ చూపించమనేవారు. కొనకపోయినా మొహం మాడ్చుకునేవారు కాదు. "మళ్ళీ రా అమ్మా" అనేవారు. పెళ్ళివారైతే గోలీసోడా తెప్పించేవారు. పొందూరు ఖద్దరు మూటలు వచ్చినప్పుడు మా నాన్న ఒక్కో పంచె విప్పి వెలుతురుకి పట్టి చూపించేవాడు. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వుతారు పొందూర్లో, అందుకే ఆ దారం అంత సన్నం. కొనేవాడికి ఆ కథంతా చెప్పి, చివర్న ధర చెప్పేవాడు. కథ విన్నాక బేరం ఆడ్డానికి మొహమాటం కదా మరి!

ధరలంటే గుర్తొచ్చింది. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చేయి. అంతవరకూ రూపాయికి పదహారణాలు. ఒక్కసారిగా రూపాయికి వంద పైసలన్నారు. అణాకి ఆరు పైసలట, పావలాకి ఇరవయ్యయిదట. మా నాయనమ్మ చదువుకోలేదు గాని లెక్కలో దిట్ట. ఒకేసారి పావలా తమలపాకులు కొంటే 25 పైసలు ఇవ్వాలి, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24 పైసలే. కాబట్టి ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగుసార్లు మూడు లాంతర్ల దాకా నడిచి, ఒక నయాపైస మిగిల్చి, పడుకునే ముందు కాళ్ళనొప్పులని మా చేత నూనె రాయించుకునేది. నూనె ఖర్చు ఆ లెక్కలోకి రాదు. బజారంతా ఆ వేసవిలో ఇదే తగువు. ఆకుల కొట్టాయన చేతులెత్తి దణ్ణం పెట్టి, "తల్లీ, మీకు పైస నేనే ఇస్తాను, ఒక్కసారి కొని వెళ్ళండి" అనేవాడు. ఆవిడ వినలేదు. ఆవిడకి నాలుగుసార్లు బజారు చూడ్డం కావాలి. అది నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతుంది, చెవి ఇలా పెట్టండి. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని సామెత. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని. మరి బజారు వీధి అందరిదీ కదా, ఎందుకు చావలేదు? పొద్దున్న ఆరింటికి ప్రతి కొట్టువాడూ తన గుమ్మం ముందు సగం వీధి దాకా ఊడ్చి, నీళ్ళు చల్లేవాడు. ఎదుటి కొట్టువాడు మిగతా సగం. ఎవరైనా తన సగం ఊడవకపోతే పక్కవాడు ఏమీ అనేవాడు కాదు, తనే ఆ సగమూ ఊడ్చేవాడు. అంతకన్నా సిగ్గు వేరే లేదు. మర్నాడు ఆ మానేసినవాడు అందరికన్నా ముందు చీపురు పట్టుకునేవాడు. సరుకు దిగినప్పుడు బస్తాకి ఇంత అని ధర్మం లెక్కలో రాసేవారు. ఆ డబ్బుతో ఎండాకాలం చలివేంద్రం, అందులో మజ్జిగ, ఉగాది వెళ్ళగానే పందిళ్ళు. రసీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు. మీరు ఇప్పుడు కమిటీ అంటున్నది అదే, పేరు పెట్టుకోలేదంతే.

అయితే జనం గుడ్డలకీ ఉప్పూ పప్పుకీ మాత్రమే వచ్చేవారనుకుంటే పొరపాటే. ఊరి నడుమ చూడ్డానికీ వినడానికీ ఏదో ఒకటి ఉండేది. గురజాడ వారి కన్యాశుల్కం మొదట ఆడింది ఎక్కడ? 1892లో మన ఊళ్ళోనే. ఆడినవాళ్ళు జగన్నాథ విలాసిని అనే నాటక సభ వాళ్ళు. అదీ ఊరివాళ్ళు కట్టుకున్న సమాజమే. 1919లో విజయరామ గజపతి రాజుగారు సంగీత కళాశాల పెట్టేరు. ఎందుకు పెట్టేరో తెలుసా? ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారికి గంగబాబు అని కొడుకు. కళ్ళు కనపడవు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లాడికి చదువు చెప్పించాలన్న తలంపుతో మొదలయిందంటారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఒక్క పిల్లాడి కోసం తీసిన తలుపులోంచి తరవాత ఎంతమంది వచ్చేరో!

ఘంటసాల కూడా ఆ తలుపులోంచి వచ్చినవాడే. చేతిలో డబ్బు లేదు. జోలె పట్టి ఇంటింటికీ వెళ్ళి మధూకరం అడిగి తిని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పేరు. నేను పుట్టే నాటి మాట ఇది, కళ్ళారా చూసింది కాదు. మా నాయనమ్మ మాత్రం సంగీతం చదివే పిల్లలు వాకిట్లోకి వచ్చేవారని, అన్నం పెట్టించుకున్నాక ఒక కీర్తన పాడమంటే మొహమాటపడేవారని చెప్పేది. "అడిగిన వాళ్ళలో ఆ ఘంటసాల ఉన్నాడా?" అంటే, "ఏమో నాయనా, ఆకలిగా ఉన్న పిల్లలందరి మొహాలూ ఒకటే" అనేది. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడు ఊళ్ళో ఆకలితో పడుకోకూడదన్నది ఆ బజారు చుట్టుపట్ల వీధుల పట్టుదల. మీరు రంగులూ దీపాలూ అంటున్నారు కదా, అవీ కావాలి, వద్దనను. ముందు ఇలాంటి పట్టుదల ఒకటి చూసుకోండి.

 ఇక సిరిమాను పండుగ దగ్గరికి వస్తాను.

పైడితల్లి అమ్మవారి చదురుగుడి మూడు లాంతర్ల దగ్గరే కదా. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్ళు. ఆ రాత్రి పల్లెల నుంచి రైతులు వచ్చి అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకెళ్తారు. పొలంలో చల్లే గింజల్లో ఆ నాలుగు గింజలూ కలుపుతారు. ఇక మంగళవారం చూడాలి! చింతమాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందని నమ్మకం. ఆ మానే సిరిమాను, దాని చివర ఆసనం మీద పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. రాజకుటుంబం వాళ్ళు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. ఇవన్నీ ఎవరో కాంట్రాక్టరు పెట్టినవి కావు. ఏది ఏ వాడవాళ్ళు తేవాలో, ఏ ఇంటివాళ్ళు పట్టాలో తాతల నాటి నుంచి వాటా. బెస్తవాళ్ళ వల లేకుండా సిరిమాను కదలదు. లక్షల మంది వచ్చే పండుగ ఈ వాటాల మీద నడుస్తోంది. ఒకళ్ళు రాకపోతే పండుగకి లోటు అని ఊరు అనుకుంటుంది, తనకి లోటు అని ఆ రానివాడూ అనుకుంటాడు. మీ కమిటీలో సంతకాలు చేసిన పదిమందికీ అలాంటి వాటా ఉందా? ఉంటే మంచిదే. లేకపోతే రెండో సమావేశానికి ఆరుగురు, మూడోదానికి ఇద్దరు, నాలుగోదానికి టీ తెచ్చే కుర్రాడు మిగుల్తారు. నవ్వకండి, నేను చూసేను.

బజారు ఎప్పుడు సన్నగిల్లింది? ఒక్కరోజున కాదు. 1979 జూన్ ఒకటిన విజయనగరం జిల్లా అయింది. సంతోషమే. కొత్త ఆఫీసులు, కొత్త కాలనీలు వచ్చి ఊరు నాలుగు వైపులా జరిగింది, నడుమ పల్చబడింది. బస్సులు పెరిగేయి, పెళ్ళి బట్టలకి విశాఖపట్నం వెళ్ళడం గొప్ప అయింది. కార్లొచ్చేయి, పాత బజారులో కారు పెట్టే చోటు లేదు. మొన్న 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా వేరు పడింది. సాలూరు, పార్వతీపురం జనానికి కాయితం పని మీద మన ఊరు వచ్చే అవసరం తగ్గింది. వచ్చినవాడు పని చూసుకుని బజారులో రెండు వస్తువులు కొనేవాడు కదా, అదీ తగ్గింది. ఇక ఫోన్లోనే కొనుక్కునే రోజులు. ఇందులో ఎవరిని తిట్టగలం? మీ అమ్మా ఫోన్లోనే చీర కొంది, నేనూ ఆ చీర బాగుందన్నాను.

అరుగులు పోవడమే నాకు కష్టమనిపించింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా అరుగు పోయింది, అరుగు పోతే కూర్చునే చోటు పోయింది. కూర్చునే చోటు లేని బజారులో ముసలాళ్ళు ఉండరు, గర్భిణులు ఉండరు, చంటిపిల్ల తల్లులు ఉండరు. కొనేవాళ్ళలో సగం వాళ్ళే కదూ! 2020 మే నెలలో, కరోనాకి ఊరంతా ఇళ్ళలో తలుపులేసుకుని ఉన్నప్పుడు, కూడలి పెద్దది చేస్తామని మూడు లాంతర్ల స్తంభం పడగొట్టేరు. రాజుల కాలంలో రాత్రిపూట వచ్చేవాళ్ళకి దారి చూపిన దీపాలవి. ఆ వార్త చూసి ఇంట్లో కూర్చుని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. అంతవరకూ రోజూ దాని పక్కనుంచి వెళ్తూ తలెత్తి చూడనివాళ్ళు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటే. ఆ పని జరిగే ముందు నలుగురు వెళ్ళి "ఒక్క వారం ఆగండి, మాట్లాడుకుందాం" అనగలిగిన సంఘం ఒకటి ఉండి ఉంటే బాగుండేది. మీలాంటి వాళ్ళు అందుకే కావాలి.

చెయ్యలేమా అంటే, చేసినవీ ఉన్నాయి. హరిజవహర్‌లాల్ గారు మనకి కలెక్టరుగా ఉన్నప్పుడు తెల్లారగట్లే చెరువుల దగ్గరికి వచ్చేవారు. జనంతో పాటు చెత్త ఎత్తేవారు, మొక్కలు నాటేవారు. పెద్దమనిషి దిగితే చూడ్డానికి వచ్చినవాడు కూడా సిగ్గుపడి పార అందుకుంటాడు. కలెక్టర్లు మారతారు బావూ, బజారు మారదు. రోజూ ఉండేవాళ్ళు పట్టుకుంటేనే అది నిలుస్తుంది.

శ్రీకాకుళంలో చూడండి. మా అన్నయ్య అత్తవారిది ఆ ఊరే, ఏడు రోడ్ల జంక్షను దగ్గర. ఆ ఊరూ పాతదే. 1641 నాటి జామియా మసీదు ఉంది, డచ్చివాళ్ళ బంగళా ఉంది, ఒకప్పుడు చికాకోల్ మస్లిన్ అని సన్నబట్ట ఎక్కడెక్కడికో వెళ్ళేది. 1856లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అక్కడ కాళీపట్నం రామారావు మాస్టారు ఏం చేసేరు? కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు డబ్బు వచ్చింది. ఇంట్లో పెట్టుకోవచ్చు, ఎవరేమంటారు? ఆయన దాన్ని వేసి, తెలిసినవాళ్ళ చేతా వేయించి, 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచేరు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. పెద్ద భవనమేం కాదు. కథల కోసం ఎక్కడెక్కడి వాళ్ళో ఆ ఊళ్ళో రైలు దిగి, ఆటో ఎక్కి, టిఫిను తిని, ఒక పూట ఉండి వెళ్తారు. ఒక బడిపంతులు తలచుకుంటే ఊరికి రావడానికి కొత్త కారణం పుట్టింది. మీ బజారుకీ ఒక కారణం వెతకండి. సంగీత కళాశాల పిల్లలు వారానికి ఒక సాయంత్రం గంటస్తంభం దగ్గర పాడితే ఎవరు వద్దంటారు?

మీ పెదనాన్న కూతురు అమెరికా నుంచి ఫోను చేసినప్పుడు మీ సంగతి చెప్పేను. అక్కడా ఇదే బాధట తాతా అంది. ఊరి బయట పెద్ద పెద్ద అంగళ్ళు వచ్చి, ఊరి నడుమ వీధులు పాడుబడ్డాయట. చారిత్రక కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అని మూడు చిన్న ఊళ్ళు ఎంచుకుని పని మొదలెట్టింది. 1980లో దానికొక కేంద్రమే పెట్టేరు, మెయిన్ స్ట్రీట్ అని. ఒక్కో ఊళ్ళో జీతానికి ఒక మనిషిని పెట్టేరట. ఆ మనిషి పనల్లా పొద్దున్నుంచీ కొట్లు తిరగడం. ఏ కొట్టు ఖాళీ అయింది, ఎవరికి అద్దె కష్టంగా ఉంది, పాత గోడ మీద రేకులు కొట్టి ముయ్యకుండా గోడే బాగుచేసుకుంటే ఎంతవుతుంది, ఏ వారం ఏ సంబరం పెట్టాలి, ఇవన్నీ. విన్నాక నాకు మా ఆకుల కొట్టాయన గుర్తొచ్చేడు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో జబ్బు, ఎవరి కొట్టు అద్దెకుందీ అన్నీ ఆయనకి తెలిసేవి. జీతం మాత్రం లేదు పాపం.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. మీలో ఎవరో తోపుడు బళ్ళు తీసేయిస్తే బజారు బాగుపడుతుందన్నారట. ఎవరన్నారో నేనడగను గానీ, చెవులెవరివి ఎర్రబడ్డాయో మంట వెలుగులో కనిపిస్తున్నాయి. అలా అనకు నాయనా. పూలబండి, జామకాయల బుట్ట, చెప్పులు కుట్టే ఆయన, వీళ్ళే పొద్దున్న మొదట వచ్చి రాత్రి చివర్న వెళ్ళేది. వాళ్ళున్నంతసేపు ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తారు. 2014లో వీధుల్లో అమ్ముకునేవాళ్ళకి చట్టమే వచ్చింది. ప్రతి ఊళ్ళోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా ఆ అమ్ముకునేవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. అంతేకాదు, మీలాంటి సంఘాలకీ అందులో చోటుంది. మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి ఆ కమిటీ కూర్చుంటోందా అని అడగండి. వాళ్ళని బజారులోంచి పంపెయ్యకుండా, మీ కమిటీలోకి పిలవండి.

సిరిమాను పండుగకి ఇంకా తొమ్మిది పది నెలలుంది. ఇప్పట్నుంచి మొదలెడితే తొలేళ్ళ రాత్రి వచ్చే ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్లు, మంచినీళ్ళు, పడుకోవడానికి నాలుగు పందిళ్ళు అవుతాయి. ముందు బజారంతా ఒకసారి నడిచి, ఏ కొట్టు ముందు బల్ల వెయ్యడానికి జాగా ఉందో రాసుకోండి. ఆదివారం పొద్దున్న ఏడింటికి మీరు కలుస్తారన్నారు కదా, గంటస్తంభానికి పడమటి వైపు నిలబడండి, ఆ వేళప్పుడు నీడ అటే. ఆ పూలబండి ఆవిడకి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ మాట మొదట వినండి. నేనూ వస్తాను. నా కోసం ఏదో ఒక కొట్లో స్టూలు అడిగి పెట్టండి, గంటకన్నా ఎక్కువ నిలబడలేను.